ఆరోగ్యంగా ఉన్న డిస్కే అబద్ధం చెప్పింది: ఒక రెయిడ్ 5 కేసు

నాలుగు డిస్కులు. నాలుగూ తిరుగుతున్నాయి. మూడింటికి ఏ రోగమూ లేదు. అయినా ఒక్క ఫోల్డరు కూడా తెరుచుకోవడం లేదు. ఆ సర్వర్ నా బల్ల మీదకు వచ్చేసరికి ఉన్న స్థితి ఇది. సంస్థ ఎవరిదో తెలియకుండా ఉండేందుకు దాని పని వివరాలు, తేదీలు మార్చాను. డిస్కుల కథను మాత్రం నా నోట్సులో ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది.

నేపథ్యం

చిన్న సంస్థ. డ్రాయింగులు, లెక్కల ఫైళ్లు, స్కాన్ చేసిన ఒప్పందాలు అన్నీ ఒకే ఫైల్ సర్వర్లో ఉన్నాయి. లినక్స్, దాని మీద సాఫ్ట్‌వేర్ రెయిడ్ 5 (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు, ఒకటి పోయినా డేటా నిలుస్తుంది), 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు, పైన ఫైళ్లను సర్దిపెట్టే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. వాడుకోవడానికి దొరికేది 12 టెరాబైట్లు. ఆపరేటింగ్ సిస్టమ్ వేరే చిన్న డిస్కు మీద ఉంది. బ్యాకప్ ఉందా అని అడిగితే ఉందన్నారు. అది ఇదే రెయిడ్‌లో ‘బ్యాకప్’ అనే పేరున్న ఫోల్డరు.

రెయిడ్ 5లో ప్రతి వరుసలోనూ మూడు డిస్కుల మీద డేటా ముక్కలు, నాలుగో దాని మీద వాటి ప్యారిటీ ఉంటాయి. ప్యారిటీ అంటే ఆ మూడు ముక్కలను ఎక్సార్ చేస్తే (బిట్టు బిట్టుకూ చూసి, 1లు బేసి సంఖ్యలో ఉంటే 1, లేకపోతే 0 రాస్తే) వచ్చే ఫలితం. ఏ డిస్కు మీద ప్యారిటీ పడుతుందనేది వరుస వరుసకూ మారుతుంది గానీ, నాలుగింటినీ ఒకే చోట చదివి ఎక్సార్ చేస్తే మాత్రం ఎప్పుడూ సున్నాయే రావాలి. ఏది ముందు, ఏది వెనుక అన్నదానితో ఈ సున్నాకు సంబంధం లేదు. కేసు చివరికి ఈ ఒక్క ధర్మం మీదే తేలింది.

వచ్చిన సమస్య

సర్వర్ చూసుకునే వ్యక్తి ఫోనులోనే తల పట్టుకున్నట్టు మాట్లాడారు.

“రీబూట్ చేశాక రెయిడ్ లేవలేదండీ. వెతికితే, మళ్లీ క్రియేట్ చేస్తే డేటా పోకుండా వస్తుందని ఒకచోట రాసి ఉంది. చేశాను.”

“డిస్కులు ఏ వరుసలో ఇచ్చారు?”

“కనిపించిన వరుసలోనే ఇచ్చానండీ.”

“రీబిల్డ్ మొదలైందా?”

“మొదలైంది. 40 నిమిషాలు నడిచి, 7 శాతం దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆగింది. తర్వాత మౌంట్ కాలేదు. ఎఫ్ఎస్‌సీకే నడిపితే సూపర్‌బ్లాక్ దొరకలేదంది.”

రీబిల్డ్ అంటే ఒక డిస్కులోని సరుకును మిగతావాటి నుంచి లెక్కకట్టి మళ్లీ రాయడం. మౌంట్ అంటే ఫైల్ సిస్టమ్‌ను వాడుకకు తెరవడం, ఎఫ్ఎస్‌సీకే దాన్ని తనిఖీ చేసే ప్రోగ్రాం, సూపర్‌బ్లాక్ దాని మొదట్లో ఉండే వివరాల పట్టీ. ఇక ఏమీ ముట్టుకోవద్దని, సర్వర్ ఆపేయమని చెప్పాను. చేసినవన్నీ, సిగ్గుపడకుండా, గుర్తున్న వరుసలో కాగితం మీద రాసి పెట్టమని కూడా అడిగాను. ఇలాంటి చోట కసురుకుంటే తర్వాతి ప్రశ్నకు నిజం రాదు. ఆయన నిజాయితీగా రాశారు. కమాండ్ హిస్టరీ ఫైలుతో పోల్చి చూస్తే ఒక్కటే తేడా: క్రియేట్ ఒకసారి కాదు, రెండుసార్లు నడిచింది. మొదటిదాన్ని ఆయన నిర్ధారణ ప్రశ్న దగ్గరే ఆపేశారట.

క్రియేట్‌తో వచ్చిన నష్టం ఏమిటంటే, ప్రతి డిస్కు మొదట్లో ఉండే రెయిడ్ సూపర్‌బ్లాక్ కొత్తదైపోయింది. ఏ డిస్కుది ఏ స్థానం, డేటా ఎక్కడ మొదలవుతుంది, చంక్ (ఒక్కో డిస్కు మీద ఒక విడతలో పడే ముక్క) ఎంత, అన్నిటికంటే ముఖ్యంగా ఈవెంట్ కౌంట్ (రెయిడ్‌లో మార్పులు జరిగేకొద్దీ పెరిగే లెక్క) ఎంత అనేవి అందులోనే ఉంటాయి. రెయిడ్ నుంచి జారిపోయిన డిస్కు కౌంట్ అక్కడే ఆగిపోతుంది, మిగిలిన వాటిది పెరుగుతూ ఉంటుంది. ఏది తాజాది, ఏది పాతది అని తేలిగ్గా చెప్పే సాక్షి అది. క్రియేట్‌కు ముందు సూపర్‌బ్లాక్‌ను చూపించే ఎగ్జామిన్ కమాండు అచ్చువేసినదాన్ని ఒక ఫైలులో దాచుకుని ఉంటే, ఈ వ్యాసం సగం కూడా అయ్యేది కాదు.

మొదటి నిర్ణయం: ఆలోచనకు ముందు నకలు

సర్వర్ రాగానే డిస్కులు విప్పి, సీరియల్ నంబరు చూసి ఒక్కోదానికి ఒక్కో అక్షరం అంటించాను: క, చ, ట, త. లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు రీబూట్‌కొకసారి మారవచ్చు. నోట్సులో ఆ పేర్లు రాస్తే రెండో రోజుకే అవి అబద్ధాలవుతాయి.

స్మార్ట్ రిపోర్టులు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూస్తే క, చ, ట శుభ్రంగా ఉన్నాయి. చ లో మాత్రం 199వ అంశం, అంటే కేబుల్లో డేటా చెడిపోయిన లెక్క, వేలల్లో ఉంది. అది డిస్కు జబ్బు కాదు, తీగ జబ్బు. నోట్సులో రాసుకుని ముందుకు పోయాను. అక్కడ ఆగి ఉండాల్సింది. త లో 197వ అంశం, అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు, వందకు పైగా ఉంది. రోగి ఇదే అనుకున్నాను.

నాలుగింటినీ డీడీరెస్క్యూ అనే నకలు ప్రోగ్రాంతో కొత్త డిస్కుల మీదకు నకలు తీశాను. మంచివి ఒక్కోటి ఎనిమిది గంటల లోపే అయిపోయాయి. త కు మాత్రం పద్ధతి మార్చాను. మొదటి విడతలో తేలిగ్గా వచ్చేవే తీసుకుని, మొరాయించిన చోట్లను వదిలేసి ముందుకు పొమ్మన్నాను. చావుకు దగ్గరైన డిస్కును ఒకే చోట పదే పదే గీకితే మిగతా 99 శాతం చదవకముందే అది పోవచ్చు. రెండో విడతలో వదిలేసిన చోట్లకు, మూడో విడతలో వెనక నుంచి ముందుకు. చివరికి 4 కిలోబైట్ల ముక్కలు 38 మిగిలాయి. 4 టెరాబైట్లలో 152 కిలోబైట్లు. అసలు డిస్కులు అప్పుడు బీరువాలోకి వెళ్లినవి మళ్లీ బయటికి రాలేదు.

నకళ్ల మీద కూడా నేరుగా పని చేయలేదు. ఒక్కోదాని ముందు లినక్స్‌లోని డివైస్ మ్యాపర్‌తో ఒక పొర వేశాను. రాతలన్నీ పక్కనున్న ఫైలులోకి పోతాయి, నకలు చెక్కుచెదరదు. ప్రయోగం తప్పితే ఆ ఫైలు చెరిపేస్తే చాలు. పొర వేయడం పది నిమిషాల పని.

చిరిగిన పుస్తకం పేజీలు

ఇప్పుడు పోయిన కొలతలు కావాలి. కొత్త సూపర్‌బ్లాక్ ప్రకారం డేటా 128 మెగాబైట్ల దగ్గర మొదలవుతుంది. కానీ రెయిడ్ కట్టిన కాలం నాటి పాత ఎమ్‌డీఆడ్మ్ (లినక్స్‌లో రెయిడ్‌ను కట్టే ప్రోగ్రాం) 1 మెగాబైటు దగ్గరే మొదలుపెట్టేది. ఫైల్ సిస్టమ్ మొదట్లో 1080వ బైటు దగ్గర ఈఎక్స్‌టీ4 ముద్ర ఉంటుంది. నాలుగు నకళ్లలోనూ 1 మెగాబైటుకు 1080 బైట్లు కలిపి చూశాను. క లో ముద్ర కనిపించింది. అంటే డేటా మొదలు 1 మెగాబైటు, మొదటి డిస్కు క. కొత్త సూపర్‌బ్లాక్, దాని వెంట వచ్చే రెయిడ్ బిట్‌మ్యాప్ (ఏ చోట్లు మారుతున్నాయో గుర్తుపెట్టుకునే పటం) ఆ 1 మెగాబైటు లోపలే సర్దుకున్నాయి కాబట్టి డేటా మీద పడలేదు.

క తర్వాత ఏది? ఇక్కడ నాకిష్టమైన పద్ధతి ఒకటుంది. ఈఎక్స్‌టీ4 మొదటి 4 కిలోబైట్ల తర్వాత గ్రూప్ డిస్క్రిప్టర్ల పట్టిక ఉంటుంది. ఫైల్ సిస్టమ్ తన జాగాను 4 కిలోబైట్ల బ్లాకులుగా, ఆ బ్లాకులను గ్రూపులుగా విడదీస్తుంది, ఒక్కో గ్రూపు వివరాలు ఈ పట్టికలో ఉంటాయి. ఈ ఫైల్ సిస్టమ్‌లో ఒక్కో గ్రూపుకు 32 బైట్ల పద్దు, గ్రూపులు సుమారు 89,400. ప్రతి పద్దు మొదట్లో ఆ గ్రూపు బ్లాక్ బిట్‌మ్యాప్ (ఏ బ్లాకులు నిండాయో చెప్పే పటం) ఏ బ్లాకులో ఉందో సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యలు పెరుగుతూ పోతాయి, ఫైళ్లు ఎన్ని మారినా అవి మారవు. చిరిగిన పుస్తకానికి పేజీ నంబర్ల లాంటివి.

చంక్ 512 కిలోబైట్లని ఊహిస్తే, క లోని మొదటి చంకులో 508 కిలోబైట్ల పట్టిక ఉండాలి, అంటే 16,256 పద్దులు. సున్నా నుంచి లెక్కిస్తే తర్వాతి గ్రూపు సంఖ్య 16,256. ఒక్కో గ్రూపుకు 32,768 బ్లాకులు. గుణిస్తే 53,26,76,608 రావాలి. మిగతా మూడు నకళ్లలో అదే చోటు తెరిచి చూశాను. చ లో మొట్టమొదటి సంఖ్య సరిగ్గా అదే. చంక్ ఊహ నిజమైంది, రెండో డిస్కు దొరికింది. అదే దారిలో మూడోది ట. త లో ఆ వరుసలో అర్థం లేని సంఖ్యలు: అది ప్యారిటీ. తర్వాతి వరుసలో పట్టిక త నుంచి మళ్లీ మొదలై క, చ లకు వెళ్లింది, ట లో ప్యారిటీ. ఇది లెఫ్ట్ సిమెట్రిక్ అమరిక, లినక్స్‌లో మామూలుగా వచ్చేదే. ఒక్క సాయంత్రంలో కొలతలన్నీ చేతికొచ్చాయి.

విఫలమైన ప్రయత్నం

రెయిడ్ 5కు మూడు డిస్కులు చాలు. నాలుగింటిలో ఒకటి రోగిష్టిది. ఎవరైనా ఏది వదిలేస్తారు? నేనూ అదే వదిలేశాను. పొరల మీద క, చ, ట, నాలుగో చోట ఖాళీ, అస్యూమ్ క్లీన్‌తో, అంటే రీబిల్డ్ చేయకుండా, క్రియేట్. జర్నల్ (పూర్తికాని మార్పుల పద్దు) ముట్టుకోవద్దని చెప్పి, చదవడానికి మాత్రమే మౌంట్ చేశాను. అయింది. ఫోల్డర్లు కనిపించాయి. రెండేళ్ల నాటి డ్రాయింగ్ తెరిస్తే గీతలన్నీ వచ్చాయి. కెర్నెల్ లాగులో (సిస్టమ్ రాసుకునే చిట్టాలో) డిస్క్రిప్టర్ చెక్‌సమ్ (సరిచూసుకునే సంఖ్య) కుదరలేదన్న ఫిర్యాదులు వరసగా ఉన్నాయి. జర్నల్ నడపలేదు కదా, అందుకేలే అని సర్దిచెప్పుకున్నాను. ఆ రాత్రే ఆ సంస్థ వారికి “వచ్చేసింది” అని సందేశం పంపాను. ఈ కేసులో నేను సిగ్గుపడేది ఆ ఒక్క మాటకే.

పొద్దున్నే వరుసగా ఫైళ్లు పరీక్షిస్తే బండారం బయటపడింది. పాతవన్నీ బాగున్నాయి. ఈ మధ్య రాసినవి మాత్రం కొన్ని తెరుచుకుంటున్నాయి, కొన్ని చెత్త. ఒకే నెలలో, ఒకే మనిషి, ఒకే ఫోల్డరులో దాచిన రెండు జిప్ ఫైళ్లలో ఒకటి పరీక్షకు నిలబడింది, రెండోది విరిగింది. వరుస తప్పయితే 512 కిలోబైట్లు దాటిన ఏ ఫైలూ తెరుచుకోకూడదు. చంక్ తప్పయినా అంతే. కాబట్టి కొలతలు సరైనవే. మరి లోపలున్న సరుకు?

కొత్త ఫైళ్లు ఓ నలభై తీసుకుని, ఒక్కోటి ఏ బ్లాకుల్లో ఉందో అడిగి, కాగితం మీద రెండు నిలువు వరుసలుగా రాశాను: బాగున్నవి, పాడైనవి. బాగున్నవన్నీ దాదాపు 20.5 కోట్ల బ్లాకు లోపలే ఉన్నాయి. పాడైనవన్నీ దాని అవతల. 20.5 కోట్ల బ్లాకులంటే 840 గిగాబైట్లు. మూడు డేటా ముక్కలతో భాగిస్తే డిస్కుకు 280. 4 టెరాబైట్లలో 280 గిగాబైట్లంటే 7 శాతం.

ఆగిపోయిన ఆ రీబిల్డ్!

అప్పుడు గానీ మొదటి రోజే చేయాల్సిన పని చేయలేదు: ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న చిన్న డిస్కులోని పాత కెర్నెల్ లాగులు చదవడం. పదకొండు నెలల వెనక్కి వెళ్తే దొరికింది. ఒక డిస్కు విఫలమైంది, దాన్ని తీసేస్తున్నాను, మూడింటితో కొనసాగుతాను అని రెయిడ్ చెప్పిన మాట, దాని కిందే ఏ స్థానంలో ఏ డిస్కు ఉందో జాబితా. ఆ ఎస్‌డీ పేరు ఏ సీరియల్ నంబరుదో స్మార్ట్ సేవ అదే లాగులో రాసి పెట్టింది. పోల్చి చూస్తే అది చ. కేబులు వదులై జారిపోయిన చ. రెయిడ్ పదకొండు నెలలుగా మూడు కాళ్ల మీద నడిచింది. హెచ్చరిక మెయిలు ఎవరికి వెళ్లాలో ఎవరూ నింపలేదు. త చదవలేకపోవడంతో రెండో కాలు విరిగింది.

చ ఆరోగ్యంగా ఉంది, కానీ పదకొండు నెలల నాటి సంగతులు చెబుతోంది. త కు రోగం, కానీ చివరి నిమిషం దాకా జరిగినదంతా దాని దగ్గరే ఉంది. నేను నమ్మాల్సిన దాన్ని వదిలి, వదలాల్సిన దాన్ని నమ్మాను.

అదృష్టం ఎక్కడ కలిసొచ్చింది

క్రియేట్ చేసినప్పుడు ఎమ్‌డీఆడ్మ్ చివర ఇచ్చిన డిస్కును ఖాళీదిగా భావించి, మిగతా మూడింటి నుంచి లెక్కకట్టి దాని మీద రాస్తుంది. ఆయన కనిపించిన వరుసలో ఇచ్చారు. ఆ రోజు పేర్లు మారి త, క, ట, చ అయ్యాయి. అంటే రీబిల్డ్ పడింది చ మీద. వరుస తప్పు, డేటా మొదలయ్యే చోటు తప్పు. అయినా ఎక్సార్‌కు వరుసతో పని లేదు కాబట్టి, మూడు తాజా డిస్కుల నుంచి లెక్కకట్టి రాసిన ప్రతి బైటూ చ మీద ఆ చోట ఉండాల్సిన సరైన బైటే. త లో మొదటి చదవలేని చోటు తగలగానే ఆగిపోయింది. చివర్లో చ కు బదులు క ఉండి ఉంటే? చ లోని పాత డేటాను కలుపుకుని క మీద రాసేసేది, అక్కడికి 840 గిగాబైట్లలో మారిన వరుసలన్నీ పోయేవి. ఏ సలహా చదివి ఆయన ఆ పని చేశారో గానీ, ఆ సలహా రాసినవారికి ఈ సంగతి తెలిసి ఉంటుందని నేననుకోను.

ఊహగా వదలకుండా చిన్న ప్రోగ్రాం రాశాను: నాలుగు నకళ్లనూ ఒకే చోట చదివి ఎక్సార్ చేసి, ప్రతి మెగాబైటుకూ సున్నా వచ్చిందా లేదా రాస్తుంది. 128 మెగాబైట్ల నుంచి 7 శాతం దాకా ఖాళీ లేకుండా సున్నా. దానికి ముందు, తర్వాత మచ్చలు మచ్చలుగా సున్నా కానివి. పదకొండు నెలల్లో మారిన చోట్లే ఆ మచ్చలు. ఒక జాగ్రత్త: సున్నా రాకపోతే ఎవరో ఒకరు తప్పని తెలుస్తుంది గానీ, ఎవరన్నది తెలియదు. అది చెప్పింది లాగు. లాగును కూడా గుడ్డిగా నమ్మకుండా, ఒక్కో డిస్కునూ వదిలేసి నాలుగు రకాలుగా కట్టి, అవే నలభై ఫైళ్లు పరీక్షించాను. చ ను వదిలినప్పుడు మాత్రమే అన్నీ నిలబడ్డాయి.

పని చేసినది

పొరలు చెరిపి కొత్తగా వేశాను. క, ఖాళీ, ట, త. 512 కిలోబైట్ల చంక్, 1 మెగాబైటు మొదలు. ఈసారి చెక్‌సమ్ ఫిర్యాదు ఒక్కటీ లేదు. ఎఫ్ఎస్‌సీకే తనిఖీని ముందు ఏమీ మార్చని పద్ధతిలో నడిపాను, ఆ తర్వాతే పొర మీద జర్నల్ నడవనిచ్చాను.

మిగిలింది త లోని 38 రంధ్రాలు. చ పాతదే, కానీ అంతా పాతది కాదు. ఏ వరుస పదకొండు నెలలుగా మారలేదో అక్కడ చ మాట ఇప్పటికీ నిజమే. ప్రతి రంధ్రానికీ ముందూ వెనకా చదవగలిగిన వరుసల్లో నాలుగింటి ఎక్సార్ చూశాను. రెండు వైపులా సున్నా ఉంటే, మధ్యలో కూడా మారలేదని తీసుకుని క, చ, ట లతో లెక్కకట్టి నింపాను. ఇది నిరూపణ కాదు, బలమైన ఊహ, రిపోర్టులో అలాగే రాశాను. అలా 31 పూడాయి. మిగతా ఏడింటిలో డీడీరెస్క్యూతో ఒక గుర్తు రాయించి, ఆ గుర్తు ఏ ఫైళ్లలో కనబడుతుందో వెతికాను. నాలుగు ఖాళీ జాగాలో పడ్డాయి. మూడు రెండు ఫైళ్లలో: ఒక పాత లాగు, ఒక వీడియో. వీడియోలో ఒకచోట అర సెకను పాటు ఆకుపచ్చ గీతలు వస్తాయి. ఫైళ్లన్నిటినీ వేరే నిల్వకు కాపీ చేసి ఇచ్చాను. పాత రెయిడ్‌ను బాగుచేసి అప్పగించే ఆలోచన ఎప్పుడూ లేదు.

రాసి పెట్టడం గురించి

నా నోట్సుకు మూడు గడులు: అనుకున్నది, చేసింది, కనిపించింది. కమాండు కొట్టకముందే మొదటి గడి నింపాలి. నా తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి చూస్తే ఆ గడిలోనే ఉంది: ‘త చెడ్డది, చ మంచిది.’ దేనికి మంచిది అన్న ప్రశ్న లేదు. చదవడానికి మంచిదా, నమ్మడానికి మంచిదా? అవి రెండు వేర్వేరు గడులై ఉంటే ఒక రాత్రి మిగిలేది. ఇప్పుడు నా డిస్కుల పట్టికలో ‘చదవగలమా’, ‘ఎప్పటిది’ అని రెండు నిలువు వరుసలు ఉంటాయి. రెండోది నిండేదాకా ఏదీ కట్టను.

ఆ తప్పు పేజీని కొట్టివేయలేదు. రిపోర్టులో అలాగే ఉంచాను, ఆ సంస్థ వారికి చదివి వినిపించాను.

రిపోర్టు సరిపోతుందో లేదో చూడటానికి, ఈ కేసు తెలియని సహోద్యోగికి నకళ్లు, కాగితాలు మాత్రమే ఇచ్చి మళ్లీ కట్టమన్నాను. రెండో పేజీలోనే ఆగిపోయారు. మౌంట్ కాదు. కారణం నాదే. డేటా మొదలయ్యే చోటును ‘2048’ అని రాసి వదిలేశాను. ఎగ్జామిన్ ఆ సంఖ్యను సెక్టార్లలో చూపిస్తుంది, అందుకే నా కలం అలా వెళ్లింది. క్రియేట్ మాత్రం ప్రమాణం లేని సంఖ్యను కిలోబైట్లుగా తీసుకుంటుంది. ఆయన 2 మెగాబైట్ల దగ్గర వెతుకుతున్నారు. ‘1 మెగాబైటు, అంటే 2048 సెక్టార్లు’ అని దిద్దాక అరగంటలో కట్టేశారు.

కొత్త సర్వర్ పెట్టిన రోజు ఎమ్‌డీఆడ్మ్ పరీక్ష సందేశం పంపించాం. రాలేదు. సర్వర్ చూసుకునే ఆయన ఇన్‌బాక్స్ అంతా వెతికితే స్పామ్‌లో దొరికింది. దాన్ని సరిచేసి, ఈసారి పరీక్ష సందేశం కాకుండా ఒక డిస్కు తీగే లాగేశాం. రెండు నిమిషాల్లోపే ఆయన ఫోను మోగింది.